పదకొండు నిమిషాలు

పోయిన వారం కథ ఆగేసరికి నేను వాట్లీ ఓడ ఇంజను గదిలో, పనిబల్ల ముందు మోకాళ్ళ మీద ఉన్నాను. సొరుగు మొత్తంగా బయటికి లాగితే, దాని వెనక చెక్కకీ గోడకీ మధ్య నూనెగుడ్డలో చుట్టిన పుస్తకం ఒకటి కనబడింది. అట్ట మీద 1957 అని రాసి ఉంది. ఆ ఏడాది నవంబరులోనే మా నాన్న ఓన్ని కెట్టునెన్ ఈ ఓడ మీదినుంచి సుపీరియర్ సరస్సులో పడి పోయాడు. శవం దొరకలేదు. ఆ తరవాత మూడు నెలలకి నేను పుట్టాను.

ఈ వారమే కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ళకి ఇంకొక్క సంగతి చెబితే చాలు. వాట్లీ మూడు చలికాలాలుగా డులూత్ రేవులో పొయ్యి ఆర్పేసి కట్టిపడేసి ఉంది. సోమవారం పొద్దున టగ్గు బోట్లు వచ్చి దాన్ని తుక్కుకి లాక్కుపోతాయి. దానికి ఆఖరి చీఫ్ ఇంజనీరు, ఇప్పుడు కాపలాదారు, మా నాన్నకి అన్న, నన్ను పెంచిన మనిషి, అందరూ ఒక్కరే. మా పెదనాన్న అర్వో. పాత కాగితాలేమన్నా ఉంటే ఊళ్ళో ఓడల సంఘం వాళ్ళు అడుగుతున్నారని, సర్దడానికి నన్ను రమ్మన్నాడు. అది 1984 మే నెల, శనివారం మధ్యాహ్నం.

పుస్తకం తెరిచాను. అది గంటల పుస్తకం. మా ఓడల్లో చుక్కాని గది ముందు కొసన ఉంటుంది, ఇంజను వెనక కొసన. మధ్యలో నాలుగు వందల అడుగుల డెక్. కెప్టెన్ ముందు గదిలో పిడి తిప్పితే వెనక ఇంజను గదిలో గంట మోగి, ముల్లు ‘నెమ్మది’ మీదికో ‘పూర్తి వేగం’ మీదికో జరుగుతుంది. ఆ గంట మోగిన నిమిషం కూడా తప్పకుండా ఆ పుస్తకంలో రాసి పెట్టాలి. రేవు దాటేటప్పుడు రాసిందే రాస్తారు: ముందుకి, ఆపు, వెనక్కి, ఆపు. సరస్సు మధ్యకి వెళ్ళాక మాత్రం ఆ పుస్తకానికి పనుండదు. రేవు వదిలిన రోజు ‘పూర్తి వేగం’ అని ఒక్కసారి రాస్తే, మళ్ళీ సరస్సు అవతలి కొసన, ఓడల్ని కిందికి దింపే సూ లాకుల దాకా పేజీ ఖాళీగా పోతుంది.

ఆ రోజు పేజీ ఖాళీగా లేదు.

సాయంత్రం 4.41, నెమ్మది. 4.52, పూర్తి వేగం. పైన గానీ కింద గానీ ఇంకే గంటా లేదు. లాకులు చేరింది మర్నాడు.

ఇంకొకరైతే ఆ రెండు వరుసల్నీ దాటి పేజీ తిప్పేవారు. నేను ఆ ఓడ వంటగదిలో మూడు సీజన్లు పనిచేసినదాన్ని. వంటగది కూడా వెనక కొసనే. ముందు గదుల్లో ఉండేవాళ్ళు భోజనానికి రావాలంటే ఆ డెక్కంతా నడిచి రావాల్సిందే. గాలీ అలలూ ఎక్కువగా ఉన్న రోజుల్లో కెప్టెన్ ఓడని నెమ్మదింపజేసి, కాస్త పక్కకి తిప్పి, అప్పుడు మనిషిని వదిలేవాడు. కాళ్ళ కింద ఇంజను చప్పుడు తగ్గగానే మా పెద్ద వంటవాడు, “ఎవడో వస్తున్నాడు, కాఫీ పెట్టు” అనేవాడు. మనిషి లోపలికి వచ్చి తలుపు వేసుకోగానే చప్పుడు మళ్ళీ పెరిగేది. సరస్సు నడిమధ్యలో ‘నెమ్మది’ అంటే ఒక్కటే అర్థం. డెక్ మీద మనిషి ఉన్నాడు, ఆ సంగతి కెప్టెన్‌కి తెలుసు.

కానీ ఆనాటి కెప్టెన్ లేథమ్, తరవాత జరిగిన విచారణలో అలా చెప్పలేదు. తను ఎవర్నీ డెక్ మీదికి పంపలేదన్నాడు. గాలివానలో ఎవరూ బయటికి రాకూడదని గట్టిగా చెప్పానన్నాడు. ఓన్ని కెట్టునెన్ ఆ మాట వినకుండా, వెనక గదిలో అన్న దగ్గర దాచుకున్న సారా సీసా కోసం ఎవరికీ చెప్పకుండా బయల్దేరాడని, వాడు వెళ్ళిన సంగతి రాత్రి దాకా తనకి తెలియనే తెలియదని చెప్పాడు. అలాగే రాసుకున్నారు. రేవులోకి ఓడలు వచ్చే కాలవ ఒడ్డున నల్లరాతి పలక మీద, పనిలో ఉండగా సరస్సులో పోయినవాళ్ళ పేర్లు ఓడల సంఘం వాళ్ళు చెక్కించినవి నూటముప్పై దాకా ఉన్నాయి. మా నాన్న పేరు లేదు. సీసా కోసం పోయినవాడు పనిలో పోయినట్టు కాదు. బళ్ళో నన్ను ‘సీసా పిల్ల’ అనేవారు. ఆదివారం బడిలో పంతులమ్మ సారా గురించి పాఠం చెప్పేటప్పుడల్లా నావైపు చూడకుండా ఉండాలని ఎంతో జాగ్రత్తపడేది. ఆ జాగ్రత్తకంటే తిట్టే నయం.

మళ్ళీ పేజీ చూశాను. అప్పుడు రాతని గుర్తుపట్టాను. పేజీ పైన తేదీలో ఏడు అంకెకి నడుము మీద అడ్డగీత. నాకు లెక్కలు నేర్పినప్పుడు పెదనాన్న నా పలక మీద కూడా అలాగే గీసేవాడు.

పెదనాన్న కింది అంతస్తులో ఇంజను పక్కనే ఉన్నాడు. ప్రతి శనివారం ఆయనకదే పని. పెద్ద పళ్ళచక్రానికి ఇనపకడ్డీ తగిలించి, మూడంతస్తుల ఎత్తున్న ఆ ఇంజనుని చేత్తో అంగుళం అంగుళంగా పావుచుట్టు తిప్పుతాడు, ఒకేచోట నిలబడి బిగుసుకుపోకుండా. తిప్పి, కీలుకీలుకీ నూనె వేస్తాడు. ఎల్లుండి తుక్కుకి పోయే ఓడకి ఆ రోజు కూడా నూనె వేస్తూనే ఉన్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి. చెవులు సగం పోయాయి. ముక్కు మీద చెమట.

నేను మెట్లు దిగుతుంటే తలెత్తకుండానే, కాగితాలు అయిపోయాయా అని అడిగాడు. పుస్తకం తెరిచి, ఆ పేజీ పైకి వచ్చేలా నూనెడబ్బా పక్కన పెట్టాను.

ఆయన దాన్ని చూశాడు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు.

“ఆ రాత ఎవరిది?” అన్నాను.

“నాదే.”

“నెమ్మది అన్న గంట ఎందుకు కొట్టారో నీకు తెలుసు కదా, పెదనాన్నా.”

“తెలుసు.”

ఆ మాట అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. కాదంటాడని, అరుస్తాడని, పుస్తకం లాక్కుంటాడని, అన్నిటికీ సిద్ధపడే మెట్లు దిగాను. ఔనంటే ఏం చెయ్యాలో మాత్రం ఆలోచించుకోలేదు.

కడ్డీ పక్కన పెట్టి, ఇంజను దిమ్మ మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ సీజనుకి అదే ఆఖరి సరుకు. ఖనిజం నింపడం పూర్తయ్యేసరికి పొద్దు తిరిగింది. డెక్ మీద ఉండే గోదాము మూతలన్నిటి మీదా తార్పాలిన్లు కప్పి, చుట్టూ బిగించి అప్పుడు బయల్దేరాలన్నది నియమం. మూడు గంటల పని. ఆకాశం బాగానే ఉంది కదా, దారిలో బిగిద్దాం అన్నాడు లేథమ్. అప్పట్లో అందరూ చేసే పనే అది. మర్నాడు సరస్సులోకి పొడుచుకొచ్చిన కెవీనా మూల దాటగానే వాయవ్యం గాలి పట్టుకుంది. చీకటి పడే వేళకి తొమ్మిదో మూత లేవడం మొదలుపెట్టింది. అది ఊడిపోతే గోదాములోకి నీళ్ళు, ఆ మీదట పది నిమిషాల్లో ఓడ అడుగుకి. లోపల ముప్పై మూడు మంది. దాన్ని బిగించి రమ్మని ఒకణ్ణి పంపాలి. ఓన్నిని పంపాడు.

“వెళ్ళింది వాడని నాకు తెలీదు, ఐలా. గంట మోగింది, తగ్గించాను. మనిషెవడో వస్తున్నాడనుకున్నాను. అలల్లో ఇంజను తగ్గిస్తే కింద ఎలా ఉంటుందో నీకు తెలుసు. బాయిలర్ కుర్రాళ్ళు తూలి పడుతున్నారు. ఐదు నిమిషాలయింది, ఆరయింది. ఎవడోగానీ కాస్త తొందరగా నడవచ్చు కదా అని పైకే విసుక్కున్నాను. తరవాత పూర్తి వేగం గంట మోగింది. హమ్మయ్య, చేరాడు అనుకున్నాను. అనుకుని రాశాను.”

ఆరింటికి వంటవాడు కిందికి దిగి, మీ తమ్ముడు నీ దగ్గరున్నాడా అని అడిగాడట. చుక్కాని గదినుంచి ఫోను చేసి అడుగుతున్నారని చెప్పాడట. అప్పుడు తెలిసిందట.

“డెక్ దాటడానికి నాలుగు నిమిషాలు చాలు. మూత బిగించే పనికి ఇంకో రెండు వేసుకో. మిగతా ఐదు నిమిషాలూ లేథమ్ ఎదురుచూశాడు. ఆపైన ఆగితే ఓడ అలలకి అడ్డం తిరుగుతుంది. వెనక్కి తిప్పడం కుదరదు, ఆగడం కుదరదు. ఆ మనిషి స్థానంలో నేనున్నా పూర్తి వేగమే కొట్టేవాణ్ణి. మూత మాత్రం బిగించే ఉంది, ఐలా. మర్నాడు నేనే వెళ్ళి చూశాను. పని పూర్తిచేసే పోయాడు.”

నాకు ఏడుపు రాలేదు. ఇరవై ఆరేళ్ళు ఒక తాగుబోతు కూతురిగా బతికాను, ఒక్క మాటలో ఆ తాగుబోతు పోయాడు. వాడి చోట నిలబడ్డ మనిషి ఎలా ఉంటాడో నాకు తెలియదు. కోపమొక్కటే చేతికి అందింది.

“మరి సీసా?” అన్నాను.

లాకుల దగ్గర ఓడ ఆగినప్పుడు లేథమ్ ఆయన గదికి వచ్చాడట. తలుపు వేసి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడట. మనిషిని నేనే పంపానని చెబితే, ఎందుకు పంపావంటారు. మూత ఎందుకు బిగించలేదంటారు. ఈ ఓడకి అప్పటికే యాభై ఏళ్ళు, కంపెనీ దీన్ని వదిలించుకోవడానికి వంక కోసం చూస్తోంది. ఆ వంక మనమే ఇస్తే ముప్పై రెండు కుటుంబాలు డిసెంబరులో వీధిన పడతాయి. ఓన్ని ఎలాగూ తిరిగి రాడు. ఇదంతా చెప్పి, ఆఖర్న ఒక్క ప్రశ్న అడిగాడట.

“నీ గదిలో సీసా ఉందా అని అడిగాడు. ఉందన్నాను. సగం సీసా నిజంగానే ఉంది. విచారణలో కూడా నన్ను అదే అడిగారు, అదే చెప్పాను. నేను చెప్పింది ఆ ఒక్క మాటే. మిగతాదంతా వాళ్ళే అల్లుకున్నారు.”

“గంటల పుస్తకం అడగలేదా?”

“తడిసి పాడైందని లేథమ్ చెప్పాడు. నన్ను అడగలేదు.”

“అడగలేదని చెప్పలేదు. అడగలేదని పాతికేళ్ళు చెప్పలేదు.” నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “ఆ వసంతంలో నిన్ను ఫస్టు అసిస్టెంటు ఇంజనీరుని చేశారు, ఐదేళ్ళకి చీఫ్‌ని చేశారు. ఏమని చేశారో ఎప్పుడైనా అడిగావా వాళ్ళని?”

“అడగలేదు. తెలుసు కనక అడగలేదు. ఆ మెట్టు ఎక్కబట్టే నిన్నూ మీ అమ్మనీ చూసుకోగలిగాను.”

“చూసుకోమని నేనడిగానా?”

దానికి ఆయన తల అడ్డంగా ఊపాడు. నువ్వు అడగలేదు, నిజమే అన్నట్టు.

పైన తెరిచి ఉన్న అద్దాల్లోంచి ఎండ పడుతోంది. ఆ వెలుతుర్లో ఇంజను ఇత్తడి భాగాలు పెళ్ళికి తోమిన గిన్నెల్లా మెరుస్తున్నాయి. ఓడ వయసు డెబ్బై ఏడు. 1907లో లోరైన్ ఓడల కార్ఖానాలో రివెట్లు కొట్టి నీళ్ళలోకి దింపినప్పుడు దాని పేరు వేరు. తరవాత మరో యజమాని మరో పేరు పెట్టాడు. వాట్లీ మూడో పేరు. ఎవరి పేరు మోసినా చేసిన పని ఒక్కటే. పై సరస్సునుంచి ఎర్ర ఖనిజం దింపుకుపోవడం, కింది సరస్సులనుంచి బొగ్గు ఎక్కించుకురావడం. రెండు యుద్ధాల ఉక్కు దాని కడుపులోంచే వెళ్ళింది. ఖనిజానికి గిరాకీ లేని ఏళ్ళలో గోధుమలు మోసింది. బొగ్గు పొయ్యిలు పీకి నూనె పొయ్యిలు పెట్టారు. ఐసుకి నొక్కుకుపోయిన రేకులు మార్చారు. వెయ్యి అడుగుల కొత్త ఓడలు వచ్చి, అది ఆరు ట్రిప్పుల్లో మోసేది ఒక్క ట్రిప్పులో మోసేదాకా అలా తిరుగుతూనే ఉంది. మా నాన్న పోయాక ఇరవై నాలుగేళ్ళు తిరిగింది. ఏడాదికి నలభై ట్రిప్పులు. ప్రతి ట్రిప్పుకీ రెండుసార్లు ఆ చోటు మీదినుంచే వెళ్ళింది. కింద కూర్చుని దాన్ని నడిపింది పెదనాన్న. పైన కూర్చుని బంగాళాదుంపలు చెక్కింది నేను.

“ఓడ కోసం తమ్ముణ్ణి అమ్ముకున్నారు,” అన్నాను. “ఇప్పుడా ఓడని కంపెనీ అమ్ముకుంది. మీకు రెండు వరసల ఉత్తరం రాసి పడేసింది. లేథమ్ ఫిబ్రవరిలో పోయాడు. ఇంకా ఎవర్ని కాపాడుతున్నారు మీరు?”

ఆయన ఉలిక్కిపడింది అమ్ముకున్నారన్న మాటకి కాదు. పుట్టి బుద్ధెరిగాక నేనాయన్ని ‘మీరు’ అనడం అదే మొదటిసారి. నేను చిన్నప్పుడు ఆయన భుజం మీద కూర్చుని జుట్టు పట్టుకుని, అటు తిప్పు, ఇటు తిప్పు అని కేకలేసేదాన్ని. మీరు అంటే మా ఇంట్లో పరాయివాళ్ళు, పాస్టరు గారు, డాక్టరు.

“నన్నలా పిలవకు,” అన్నాడు మెల్లిగా. “తిట్టు. అంతేగానీ అలా పిలవకు.”

పుస్తకం ఎందుకు తగలబెట్టలేదని అడిగాను. మూడుసార్లు బాయిలర్ తలుపు తీసి పట్టుకున్నానన్నాడు. మూడుసార్లూ చెయ్యి రాలేదట. తమ్ముడు ఈ లోకంలో ఉన్న ఆఖరి పదకొండు నిమిషాలు తన చేత్తో రాసి పెట్టినవి, అవి తప్ప వాడివంటూ ఏమీ మిగల్లేదు, పూడ్చడానికి ఒళ్ళు కూడా లేదు అన్నాడు. ఆ మాటకి నా కోపం ఒక్క క్షణం జారింది. మళ్ళీ పట్టుకున్నాను.

“మా అమ్మకెందుకు చెప్పలేదు? విచారణలో చెప్పకపోతే పోనీ. ఆవిడకొక్కదానికీ చెప్పవచ్చు కదా. చర్చిలో ఆవిడ పక్కన ఎవరూ కూర్చోని రోజులు చూశారు మీరు.”

అంతసేపూ అడిగినదానికల్లా జవాబు చెప్పిన మనిషి దానికి మాత్రం చెప్పలేదు. నూనెడబ్బా తీసి మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు. పుస్తకం నీ ఇష్టం అన్నాడు. ఓడల సంఘం వాళ్ళకిచ్చుకో, పేపర్ల వాళ్ళకిచ్చుకో, నా పేరు రాసే ఇవ్వు అన్నాడు.

“మీ అమ్మ దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకు, ఐలా. ఇంకేం అడగను.”

పిరికితనం అనుకున్నాను. పాతికేళ్ళు ఆవిడ వండిపెట్టిన కూడు తిని, ఆవిడ ముఖం చూడలేని పిరికితనం. పుస్తకం చంకలో పెట్టుకుని మెట్లెక్కాను. సగం మెట్ల మీద ఉండగా కింద కడ్డీ మళ్ళీ పళ్ళచక్రానికి తగులుకున్న చప్పుడు వినబడింది. మిగిలిన పావుచుట్టు తిప్పుతున్నాడు.

రేవునుంచి మా ఇంటికి నిటారు కొండ. బస్సు కోసం ఆగలేదు. కాలవ ఒడ్డున రాతిపలక పక్కనుంచే నడిచాను. కె అక్షరం దగ్గర పేర్లు చాలా దగ్గరగా చెక్కారు. ఇంకో పేరు పెట్టాలంటే పక్కన ఎక్కడో, వరస తప్పి పెట్టాల్సిందే. పెట్టిస్తాను అనుకున్నాను. సోమవారం టగ్గులు రాకముందే సంఘం తలుపు కొడతాను, మా అమ్మని పక్కన నిలబెట్టుకుని కొడతాను అనుకున్నాను. దారంతా ఆ మాటలే కూర్చుకున్నాను. ఓన్ని అంటే మా తాతలు తెచ్చుకున్న భాషలో అదృష్టం. ఆ పేరు పెట్టుకున్నవాడు అలా పోయాడని ముసలమ్మలు నవ్వేవారు. వాళ్ళలో ఇంకా బతికున్నవాళ్ళెవరెవరో కూడా లెక్కపెట్టుకున్నాను.

అమ్మ పెరట్లో ఉంది. శనివారం కదా, ఆవిరిస్నానం చేసే గదికి కట్టెలు కొడుతోంది. మా అమ్మ సైమాకి యాభై మూడు. ఆస్పత్రి లాండ్రీలో ఇరవై అయిదేళ్ళుగా పనిచేస్తోంది. ఎక్కువ మాట్లాడదు. నేను ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. తొమ్మిదో మూత, నెమ్మది గంట, లేథమ్ టోపీ, సగం సీసా, అంతా. ఆవిడ గొడ్డలి దుంగ మీద దింపి, నేను చెప్పినంతసేపూ కొట్టిన కట్టెల్ని ఏరి చేతి మీద పేర్చుకుంటూనే ఉంది. పుస్తకం చాపాను. తీసుకోలేదు.

“అర్వో నిన్ను ఇక్కడికి రావద్దన్నాడా?” అంది.

“అన్నాడు. నీకు ముఖం చూపించలేక.”

“అందుకు కాదు.” కట్టెలు గోడవార దింపింది. “ఆయన చెప్పిందంతా నిజమే. సగమే చెప్పాడు. విచారణకి ముందురోజు ఆయన ఆ పుస్తకం పట్టుకుని, అదిగో, ఆ గుమ్మంలో నిలబడ్డాడు. బూట్లకి మంచు. ఓడ పోతే పోనీ సైమా, రేపు ఇది చూపించేస్తాను అన్నాడు. వద్దన్నాను.”

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను.

“వద్దన్నది నేను. ఒట్టు వేయించుకున్నది కూడా నేనే. ఆయన ఏడ్చాడు.”

“సీసా కోసం పోయాడని ఊరంతా అంటుంటే...”

“ఆ ఒక్క రోజుకే అది అబద్ధం, ఐలా.” అమ్మ గొంతు పెంచలేదు. “ఆ పుస్తకం బయటపడితే వాడు ముప్పై రెండు మందిని కాపాడిన మహానుభావుడవుతాడు. చర్చిలో ఫొటో పెడతారు. ఆదివారం ఆదివారం నేను దాని కింద కూర్చుని తల దించుకోవాలి, జనం వచ్చి నా చెయ్యి పట్టుకుని అంత మంచివాడు పోయాడే అనాలి. అప్పటికి నాకు నీ వయసు. నావల్ల కాలేదు. నువ్వు పడిన మాటలు నాకు తెలుసు. అవి నావల్లే పడ్డావు, అర్వో వల్ల కాదు. వెళ్ళి ఆయన్ని ఏమన్నావో వెనక్కి తీసుకో.”

ఆవిడ ఎడమచెయ్యి ముందుకి చాపింది. చిటికెన వేలూ దాని పక్క వేలూ రెండూ అరచేతిలోకి వంగిపోయి ఉంటాయి, చాచినా రావు. లాండ్రీలో బట్టలు పిండే మరలో పడి నలిగాయని నాకు మాటలొచ్చినప్పటినుంచీ తెలుసు.

“నేను లాండ్రీలో చేరింది నువ్వు పుట్టిన ఎనిమిది నెలలకి,” అంది. “ఈ వేళ్ళు అంతకుముందు సంగతి. నువ్వప్పటికి నా కడుపులో ఆరో నెల.”

కొట్టడానికి పెట్టిన దుంగని నిలబెట్టి, కూర్చోమన్నట్టు దాని మీద చేత్తో దుమ్ము దులిపింది.

“ఆఖరి ట్రిప్పుకి ముందు మీ నాన్న ఇంట్లో ఉన్నది రెండు రోజులు. ఆ రెండు రోజుల గురించి చెబుతాను, విను. విన్నాక కూడా ఆ పేరు రాతిమీద చెక్కించాలనిపిస్తే, సోమవారం నేనే నీతో వస్తాను.”